పాస్ ఔట్ అయ్యానా, పడిపోయానా?

నిన్న సాయంత్రం నెల్లూరు మాగుంట లేఔట్‌లో అక్క వాళ్లింటికి వెళ్తే, వాళ్లమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పిన్నీ, నా రెజ్యూమె ఒకసారి చూడవా?" రెండో లైన్‌లోనే ఆగిపోయా. 'ఐ పాస్‌డ్ ఔట్ ఫ్రమ్ యూనివర్సిటీ ఇన్ 2024.'

నవ్వొచ్చింది. వెంటనే నా సంగతీ గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట ఒక వీడియో ఇంటర్వ్యూలో నేనూ ఇదే మాట అన్నా. అవతలున్న ఇంగ్లండ్ ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఇప్పుడు ఒంట్లో బాగుందా అని అడిగింది. నాకేం అర్థం కాక, "యెస్ మేడమ్, వెరీ ఫైన్" అన్నా! వాళ్లకి పాస్ ఔట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. ఆ ఉద్యోగం రాలేదు, దానికి వేరే కారణాలున్నాయిలెండి.

"ఏంది పిన్నీ, మా సార్లందరూ అట్లానే అంటారు కదా" అంది. నిజమే, మన దేశంలో చదువు ముగించడమనే అందరికీ అర్థమవుతుంది. మిలిటరీ అకాడమీల్లో శిక్షణ ముగిశాక జరిగే పాసింగ్ ఔట్ పరేడ్‌లోనూ ఆ అర్థమే, బ్రిటిష్ వాళ్లూ అలాగే అంటారు. యూనివర్సిటీ చదువుకు మాత్రం 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్' అనాలి. అమెరికాలో మాటల్లో ఆ ఫ్రమ్‌ని కొందరు ఎగరగొట్టేస్తారు. రెజ్యూమెలో ఉంచడమే నయం.

మార్చింది. కింద ఇంకోటి: 'ఐ డిడ్ మై గ్రాడ్యుయేషన్ ఇన్ కావలి.' గ్రాడ్యుయేషన్ అంటే వాళ్లకి చదువు ముగించి పట్టా పుచ్చుకోవడం, మూడేళ్ల చదువు కాదు. డిగ్రీ అని రాయమన్నా.

అంతలో అక్క కారం దోసెలు తెచ్చింది. రెండో పేజీ ఇంకా చూడనేలేదు.