నాన్న చేతక్‌కి ఏ పెయింటు వేయాలి? - నా అనుభవం

మొదటి షాపులో కొట్టిన కోటు పది నిమిషాలు కూడా నిలవలేదు. పాల మీద కట్టిన మీగడను వేలితో జరిపితే ఎలా ముడుచుకుంటుందో, ముందు మడ్‌గార్డ్ మీద కొత్త రంగు అచ్చం అలా ముడతలు పడిపోయింది. చూస్తూ నిలబడ్డాను. కడుపులో తిప్పినట్టయింది.

అది నాన్న 1984లో తెచ్చుకున్న బజాజ్ చేతక్ స్కూటర్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ ఆ రోజుల్లో చేతక్ ఇంటికి వచ్చేది కాదు. ఆయన పోయాక మూడేళ్లు మేడమెట్ల కింద గోనెపట్టా కప్పి ఉంచాం. ఇంజిన్ పని పూర్తయ్యాక, ఇక మిగిలింది రంగే కదా అని ఇంటికి దగ్గర్లో ఉన్న షాపులో ఇచ్చేశాను. "డ్యూకో వేసేస్తాం సార్, రెండు రోజుల్లో తీసుకెళ్లండి" అన్నారు. కింద ఉన్న పాత పెయింటు ఏ రకమో అక్కడ ఎవరూ చూడలేదు. అడగాలని నాకూ తెలియదు.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. తెలిసినవాళ్లు చెప్పిన ఒక పెద్దాయన దగ్గర దించాను. ఆయన ధర గురించి మాట్లాడలేదు. పాత గుడ్డను థిన్నర్‌లో తడిపి, కొత్త రంగు పడని చోట, వెనక చక్రం పక్కన అదిమి కాసేపు పట్టుకున్నారు. తీస్తే గుడ్డ తెల్లగానే ఉంది. కానీ దాని కింద పెయింటు ఉబ్బి నలిగిపోయింది.

"సింథటిక్ ఎనామిల్ బాబూ. గేట్లకు వేసే రకం. మధ్యలో ఎవరో కొట్టారు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క పెళ్లికి ముందు నాన్న బండికి రంగు వేయించారు. ఆ హడావుడిలో ఏ పెయింటు వేశారో ఎవరు చూస్తారు? డ్యూకో థిన్నర్ చాలా ఘాటైనది. ఎనామిల్ మీద పడగానే దాన్ని ఉబ్బించి రేకు నుంచి లేపేస్తుంది. నా మడ్‌గార్డ్‌కు జరిగింది అదే. ఆ గుడ్డ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. రంగు కరిగి గుడ్డకు అంటితే కింద ఉన్నది డ్యూకో లాంటి లాకర్ రకం పెయింటు, అంటే థిన్నర్ ఎగిరిపోతేనే ఆరే రకం. ముడత పడితే ఎనామిల్. ఏమీ కాకపోతే కంపెనీలో వేడి చేసి ఆరబెట్టిన పెయింటో, హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వేసే పీయూ, అంటే పాలీయురేథేన్ పెయింటో అయి ఉంటుంది.

నిజం చెప్పాలంటే నాకు మనసులో డ్యూకోయే ఉంది. అది అసలు డ్యూపాంట్ కంపెనీ తన నైట్రోసెల్యులోజ్ లాకర్‌కు పెట్టుకున్న పేరు. 1920లలో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకు దాన్ని వేయడం మొదలుపెట్టారు. అంతకుముందు కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, దీనితో ఆ పని గంటల్లోకి వచ్చింది. మన షాపుల్లో ఆ రకం పెయింటు మొత్తానికీ అదే పేరు స్థిరపడిపోయింది. థిన్నర్ ఎగిరిపోతే చాలు, ఆరిపోతుంది. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితే వచ్చే మెరుపు మెత్తగా, కంటికి హాయిగా ఉంటుంది. పాత బండి మీద అంత అందం ఇంకే పెయింటుకూ రాదని ఇప్పటికీ నా నమ్మకం.

పెద్దాయన నా మాట విని, సీటు ఎత్తి పెట్రోలు పోసే మూత చుట్టూ చూపించారు. అక్కడ రంగు పోయి, పసుపు తిరిగిన చారలు కిందిదాకా ఉన్నాయి. ఈ బండికి పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. బంకులో ఎంత జాగ్రత్తగా ఉన్నా నాలుగు చుక్కలు ఒలుకుతాయి.

"డ్యూకో ఎంత ఆరినా దాని థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. పెట్రోలుకు కరగదు గానీ, పదేపదే పడితే మెత్తబడి మచ్చలొస్తాయి. బండిని ఇంట్లో పెట్టి చూసుకుంటావా, తోలతావా?"

"తోలతాను బాబాయ్."

"అయితే పీయూ వెయ్యి."

పైగా అది శ్రావణమాసం. ఆ తేమలో డ్యూకో కొడితే, థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పడుతుంది, రంగు పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. అందుకోసం నెమ్మదిగా ఆరే థిన్నర్లు ఉన్నాయి గానీ, వానాకాలంలో ఆ రిస్క్ ఎందుకన్నారు. మళ్లీ సింథటిక్ వేద్దామా అంటే, ధర తక్కువే కానీ ఆరేలోపు ఆటోనగర్ దుమ్మంతా దాని మీదే ఉంటుంది.

పీయూలోనూ రెండు దారులున్నాయి. రంగు వేసి పైన క్లియర్ అనే రంగులేని మెరుపు కోటు కొట్టడం ఒకటి. రంగులోనే మెరుపు ఉండే సాలిడ్ షేడ్ రెండోది. మెటాలిక్ రంగులకు క్లియర్ తప్పదు. నాన్న బండిది మామూలు లేత నీలం. దానికి క్లియర్ వేస్తే నీళ్లలో ముంచి తీసినట్టు అద్దంలా మెరుస్తుంది. 1984 బండికి అది అతకదు. సాలిడ్ షేడ్‌కే ఖాయం చేసుకున్నాను. డ్యూకోకి చెప్పిన ధరకు దాదాపు రెట్టింపయింది. అయినా బాధ లేదు.

పాత పెయింటంతా రిమూవర్‌తో ఊడబెరికి రేకు దాకా వెళ్లాం. కాళ్లు పెట్టుకునే చోట తుప్పు బయటపడింది. రేకు సరిచేసే టింకరింగ్, రేకు మీద ఎపాక్సీ ప్రైమర్, గుంటలు పూడ్చే లప్పం, నునుపు కోసం సర్ఫేసర్, తడిపి రుద్దే వాటర్ పేపర్... వారం గడిచింది.

రంగు కలపడం మాత్రం నేను వదల్లేదు. పాత పెయింటు ఊడబెరకకముందే ట్యాంకు దించితే దాని కింద ఎండ తగలని అసలు నీలం కనిపించింది. దాన్ని చూపించి షాపులో కలిపించి, రేకు ముక్కల మీద కొట్టించాను. తడిలో ఒకలా, ఆరాక ఒకలా కనిపిస్తుంది కాబట్టి ఆరాకే ఎండలోకి తెచ్చి చూడాలి. రెండు ముక్కలు కుదరలేదు. మూడోది ఇంటికి పట్టుకెళ్తే అమ్మ వాకిట్లో నిలబడి చాలాసేపు చూసి, "ఇదేరా. మొదటిరోజు మీ నాన్న తెచ్చినప్పుడు ఇలాగే ఉంది" అంది. ఆర్‌సీలో రాసిన రంగే కాబట్టి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగే పని కూడా తప్పింది.

వాన తెరిపిచ్చిన ఒక ఉదయం కంప్రెసర్‌లో చేరిన నీళ్లు బయటికి వదిలేసి, నాలుగు పాళ్ల పెయింటుకు ఒక పాలు హార్డెనర్ కలిపారు. కలిపాక కొన్ని గంటలే పనికొస్తుంది, ఆపైన డబ్బాలోనే గట్టిపడుతుంది. ఆయన ముఖానికి రుమాలు కట్టుకుని స్ప్రే గన్ను అందుకోబోతే నేను ఆపాను. హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్ను నుంచి పొగమంచులా లేచే ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. రుమాలు దాన్ని ఆపదు. బయటి నుంచి పైపులో గాలి అందించే మాస్క్ అయితే సరైనది. అది దొరక్క, గాలిని వడకట్టే కాట్రిడ్జ్ మాస్క్ కొని తీసుకెళ్లాను. "నలభై ఏళ్లలో ఎవరూ తెచ్చివ్వలేదు బాబూ" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పీయూ వేయించేవాళ్లు దయచేసి బడ్జెట్‌లో మాస్క్ కూడా కలుపుకోండి.

పది రోజులు ముట్టుకోకుండా ఉంచి, బండి బయటికి తీశాను. బంకులో కుర్రాడు ఆయిల్ కలిపి పోస్తుంటే మూత దగ్గర ఒలికి పక్కకు కారింది. గబగబా గుడ్డతో తుడిచాను. గుడ్డకు పెట్రోలు వాసన తప్ప ఇంకేం అంటలేదు.