ఆమెకు కావలసింది ఆ బటన్ కాదు
మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు చాలాకాలంగా ఒకటే అడుగుతున్నారు: లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ కావాలని. పని చిన్నదే, బృందంలో అందరూ సరేనన్నారు. అయినా మొదలుపెట్టే ముందు, అలా అడిగిన ఒక అకౌంటెంట్ పక్కన కూర్చుని ఆమె పని చేసే తీరు చూశాను. తెర మీది అంకెలను కాగితం మీద రెండు వరసల్లో రాసుకుంటున్నారు. పోయిన నెలవి ఒకవైపు, ఈ నెలవి మరోవైపు. తేడా బాగా కనిపించిన చోట ఎర్ర కలంతో సున్నా చుడుతున్నారు. ఆమె వెతుకుతున్నది ఆ తేడాలనే! రెండు నెలలనూ పక్కపక్కన చూపే పట్టిక తయారు చేసి ఇచ్చాం. ఆ తర్వాత ఆమె ఎక్సెల్ ఊసే ఎత్తలేదు.

అప్పటి నుంచి “మీకేం కావాలి?” అనే బదులు “పోయినసారి ఈ పని ఎలా చేశారు?” అని అడుగుతున్నాను. జవాబులు ఎంత మారిపోతాయో!

అవసరం నిజమా కాదా అన్నది పూర్తిగా తయారు చేయకముందే తేల్చుకోవచ్చు. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచుకునే వీలు కల్పించే డ్రాప్‌బాక్స్ 2008లో, ఇంకా అందరికీ అందుబాటులోకి రాకముందే, అది ఎలా పనిచేస్తుందో చూపే చిన్న వీడియో పెట్టింది. ఎదురుచూసేవారి జాబితా రాత్రికి రాత్రే 5 వేల నుంచి 75 వేలకు పెరిగింది.

ఇక ఖర్చు సంగతి. ఒక ఫీచర్ రాయడానికి వారం పట్టవచ్చు. పరీక్షించడం, మరమ్మతులు చేయడం, వాడేవారికి వివరించడం మాత్రం అది ఉన్నన్నాళ్లూ తప్పదు. అందుకే, ఎవరు ఏ పని దగ్గర ఆగిపోతున్నారో చెప్పలేని ప్రతిపాదనలన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టమన్నాను. వాటిలో నాకు ఎంతో ఇష్టమైనదీ ఒకటుంది.