పిన్ని హస్తవాసి

మా పిన్ని పెద్దకర్మ రోజున సీతంపేట కొండల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. చేతిలో గోనె సంచి, అందులో నాలుగు అనాస పళ్లు, చిన్న పసుపు కొమ్ముల మూట. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా ఫొటో దగ్గరికి వెళ్లి, సంచి కింద పెట్టి దండం పెట్టుకుని, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే లేచి వచ్చాడు గానీ విస్తరి ముందు కూర్చున్నాక ముద్ద ఎత్తలేకపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. "నా గుంటలిద్దర్నీ ఆ తల్లే తీసింది బాబూ. ఆ చేతి మహిమ అలాటిది" అన్నాడు. గుంటలంటే మా వైపు పిల్లలు.

ఆ రోజంతా అదే మాట. చుట్టాలు, పాత స్టాఫు, ఉద్దానం నుంచి వ్యాను కట్టించుకుని వచ్చిన ఆడవాళ్లు, అందరూ "ఆవిడ హస్తవాసి మంచిది" అనే అన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ మా పిన్నికి ఆ మాటంటే అస్సలు గిట్టదు. బతికున్నప్పుడు ఎవరైనా అంటే ముఖం మీదే అనేసేది, "హస్తవాసి ఏంటమ్మా, చేతులు కడుక్కున్నాను, అంతే" అని. పదకొండు రోజులూ ఆ మాట వింటూ నేను ఊరుకున్నాను, కర్మ ఇంట్లో వాదన బాగుండదని. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. 1960లో పుట్టింది, నరసన్నపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో. ఆడపిల్లని నర్సు ట్రైనింగుకి పంపడమంటే ఆ రోజుల్లో పల్లెల్లో తలో మాట అనేవాళ్లు. తాతయ్య ఒప్పుకోలేదు. అమ్మమ్మ తన మెడలో నాను తాకట్టు పెట్టి విజయనగరం పంపించింది, ఏడాదిన్నర ఏఎన్ఎం ట్రైనింగు, అంటే పల్లెల్లో కాన్పులూ టీకాలూ చూసే నర్సు పని. ఆ నాను విడిపించడమే పిన్ని తన మొదటి సంపాదనతో చేసిన మొదటి పని అని అమ్మ చెబుతుంది. ఆ సంగతి పిన్ని నోట ఎప్పుడూ వినలేదు.

హస్తవాసి గొడవ నాకు మొదటిసారి అర్థమైంది నా ఆరో ఏట. జ్వరం వస్తే ఊళ్లో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. డిగ్రీ లేదు గానీ ఊరందరికీ ఆయనే డాక్టరు, ఆయన చెయ్యి పడితే ఎంతటి జ్వరమైనా దిగుతుందని పేరు. సూది చేశారు, జ్వరం దిగింది. నాలుగు రోజులకి సూది చేసిన చోట చీముగడ్డ లేచింది, కోడిగుడ్డంత. మంచం దిగలేకపోయాను. సెలవు పెట్టి పిన్ని వచ్చింది. దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లి గడ్డ కోయించింది, పది రోజులు తనే కట్టు మార్చింది. లోపల పెట్టిన గుడ్డ పీలిక లాగేటప్పుడు ప్రాణం పోయేది. ఆవిడ మాత్రం లాగడానికి ముందే ఉప్పు నీళ్లు పోసి, అది నానేదాకా, ఎంత సేపైనా సరే, నాతో కబుర్లు చెబుతూ కూర్చునేది. డాక్టరుగారిని అమ్మమ్మ వెనకేసుకొచ్చింది, ఎంత మంచి హస్తవాసి ఆయనది, మన పిల్లాడి గ్రహచారం బాగోలేదు అని. పిన్ని తల ఎత్తకుండానే "ఆయన చెయ్యి మంచిదే అమ్మా. సూది మంచిది కాదు. అది ఉడకలేదు" అంది.

ఆ మాట నాకు అలా ఉండిపోయింది.

అప్పట్లో గాజు సిరంజిలే. పిన్ని దగ్గర ప్రెషర్ కుక్కర్ లాంటి స్టెరిలైజర్ ఉండేది, లోపల సూదులూ సిరంజిలూ అరల్లో పేర్చి కిరసనాయిలు స్టవ్ మీద పెట్టేది. ఆవిరి వచ్చాక 20 నిమిషాలు. గడియారం చూస్తూ కూర్చునేది, అప్పుడు ఎవరు పిలిచినా లేచేది కాదు. పంతొమ్మిది నిమిషాలకి దించిన కుక్కరు ఆవిడ లెక్కలో ఉడకని కుక్కరే. ఒకసారి వాడాక మళ్లీ పని చేయకుండా లాక్ అయిపోయే సిరంజిలు 2005 తర్వాత వచ్చినప్పుడు ఆవిడ మొహం వెలిగిపోవడం చూశాను. ఒకటి తెచ్చి నా చేతికిచ్చి, "నొక్కు, ఇప్పుడు వెనక్కి లాగు, రాదు చూడు" అని చిన్నపిల్లలా చూపించింది.

మొదటి పోస్టింగు సీతంపేట ఏజెన్సీలో. ఇప్పుడది శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది, 2022లో. పిన్ని మాత్రం చివరిదాకా మన జిల్లా అనే అనేది. కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఆరోగ్య సబ్‌సెంటర్ అని లెక్క, మైదానంలో అయితే 5,000. "కాయితం మీద మనుషులుంటారు గానీ మధ్యలో గెడ్డలుండవు నాయినా" అనేది. వాన పడితే గెడ్డ పొంగి అవతలి గూడెం మూడు రోజులు అందేది కాదు. సవర మాట నేర్చుకుంది. మొదట్లో ఆడవాళ్లు ఆవిడని చూసి లోపలికి వెళ్లిపోయేవారట, సంచిలో సూది ఉంటుందని.

చేరిన ఏడాదిలోనే ఒక గూడెంలో మగపిల్లాడు పుట్టాడు. బాగానే పుట్టాడు, ఏడ్చాడు, పాలు తాగాడు. అయిదో రోజున రొమ్ము పట్టడం మానేశాడు. కబురు అందేసరికి ఆరో రోజు. పిన్ని వెళ్లి చూస్తే పెదాలు బిగుసుకుపోయి ఉన్నాయి, చెంప మీద వేలు ఆనిస్తే చాలు, ఒళ్లంతా విల్లులా వంగిపోతోంది. ధనుర్వాతం. డోలీ కట్టించి పాలకొండ దించుతుంటే దారిలోనే పోయాడు. తల్లికి కడుపుతో ఉన్నప్పుడు, ఆ జబ్బు రాకుండా వేసే టీటీ సూదులు పడలేదు, బొడ్డు కొడవలితో కోశారు, కోసిన చోట బూడిద అద్దారు. ఆ మూడూ కలిస్తే ఏమవుతుందో ట్రైనింగులో చదువుకుంది, చూడటం అదే మొదటిసారి.

ఇంకెవరైనా అయితే మంత్రసాని మీద విరుచుకుపడేవారు. పిన్ని ఆ ముసలావిడ ఇంటికి వెళ్లి, ఆవిడ పోసిన చోడి అంబలి తాగి, ఆ రాత్రి అక్కడే పడుకుంది. మర్నాడు సబ్బు, కొత్త బ్లేళ్లు, ఉడకబెట్టిన దారం ఒక డబ్బాలో పెట్టి ఇచ్చింది. చేతులు, పక్క, బ్లేడు, దారం, బొడ్డు, ఈ అయిదూ శుభ్రంగా ఉండాలని చెప్పింది, అయిదు వేళ్ల మీద లెక్క, బొడ్డుకి ఏమీ రాయకూడదు. ఆ ముసలావిడ చదువు లేని మనిషే గానీ ఎన్నో కాన్పులు చేసిన చెయ్యి. ఆ తర్వాత నొప్పులు మొదలైతే ముందు పిన్నికే కబురు పెట్టేదట. ఇద్దరూ కలిసే చేసేవారు. నన్నడిగితే పిన్ని చేసిన అన్ని పనుల్లోకీ పెద్ద పని ఆ అంబలి తాగడం.

పిన్నికి ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది, ఆఫీసు రిజిస్టరు వేరు, ఇది సొంతం. తల్లి పేరు, తేదీ, ఆడా మగా, బరువు. కర్మ అయిపోయాక ఒక మధ్యాహ్నం కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను, 900 దాటాక కళ్లు మసకబారి ఆపేశాను. ఆ మొదటి పేజీల్లో ఒక చోట తల్లి పేరు పక్కన ఇలా ఉంది: "మగ. ఆరో రోజు. నేను ఆలస్యం." అదే పేజీలో మడిచిన పేపరు ముక్క ఒకటి దొరికింది, 2015లోది. బాలింతలకీ పసికందులకీ వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినప్పటి వార్త. ఎప్పుడు కత్తిరించి పెట్టుకుందో మాకెవరికీ చెప్పలేదు.

అనాస పళ్లు తెచ్చిన ఆ పెద్దాయనే ఆ పిల్లాడి తండ్రి. చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు, "మొదటోడు దక్కలేదు బాబూ. అదైనాక పుట్టినోళ్లకి తల్లే ఉంది" అని. ఇద్దరు పిల్లలకీ ఇప్పుడు పిల్లలున్నారట.

పల్స్ పోలియో మొదలైన 1995 డిసెంబరుకి నాకు పదకొండేళ్లు. అప్పటికి పిన్ని నరసన్నపేట వైపు వచ్చేసింది. వ్యాక్సిన్ క్యారియర్ నేను మోస్తానని ఏడిచి మరీ వెంట వెళ్లాను. నీలం రంగు డబ్బా, లోపల నాలుగు వైపులా నాలుగు ఐస్ ప్యాకులు. ప్యాకు ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే లోపల పెట్టేది కాదు. బల్ల మీద వరసగా పరిచి, చెమట పట్టేదాకా ఆగి, ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడాలి. "చుక్కల మందుకి చలి ఎంతున్నా పర్వాలేదురా, మిగతా మందులు కొన్ని గడ్డకట్టాయంటే చచ్చిపోతాయి, తర్వాత కరిగినా పనికిరావు" అని నాకూ ఒక ప్యాకు ఇచ్చింది. చెవికి ఆనించుకుంటే మొదట చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. కాసేపటికి, సన్నగా, గ్లక్ మని వినిపించింది. వచ్చింది పిన్నీ అన్నాను. ఆ రోజు పోలియో చుక్కల పనే, అయినా అన్ని ప్యాకులూ అలాగే వినే సర్దింది. రోజూ చేసే చెయ్యి ఒక రోజు మానేస్తే మర్నాడు మర్చిపోతుందని.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆవిడ ఉద్దానంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరు. గంటకి 140 కిలోమీటర్లకు పైగా గాలి. కొబ్బరి, జీడి తోటలు నేలకి పడిపోయాయి, ఉద్దానం వాళ్లకి ఆ చెట్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, రెండు రోజులు పిన్ని ఉందో లేదో తెలియక అమ్మ అన్నం తినలేదు. టెన్షన్ తట్టుకోలేక మూడో రోజు బైకు వేసుకుని బయల్దేరాను, పడిన చెట్ల మధ్య నుంచి, కొన్ని చోట్ల బైకు ఎత్తించుకుని. వెళ్లేసరికి పిన్ని కోల్డ్ బాక్సు పక్కన నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కరెంటు రాదని తెలిసిన వెంటనే ఫ్రిజ్‌లోని వ్యాక్సిన్లన్నీ అందులోకి మార్చి, ఎవరూ మూత తీయకుండా కాపలా కూర్చుందట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూడటానికి మాత్రమే తీసేది. నన్ను చూసి మొదట అడిగింది అమ్మ ఎలా ఉందని. రెండోది, డీజిల్ దొరికే చోటు దారిలో ఏమైనా చూశావా, జనరేటరుకి కావాలి అని. సీసా మీద ఉండే గుండ్రని గుర్తు చూపించింది. మధ్యలో చదరం తెల్లగా ఉంటే మందు బతికున్నట్టు, చుట్టూ ఉన్న రంగుకి వచ్చిందంటే పారేయాల్సిందే. టార్చి లైటు వేసి చూపిస్తోంది, చదరం ఇంకా తెల్లగానే ఉంది. జుట్టంతా రేగి, చీర మీద బురద, ఆ నవ్వు చూడాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఆవిడ పడిన బాధ వేరే రాయాలి, ఇందులో పట్టదు. నొప్పుల బిళ్లలు షాపులో కొనుక్కుని మింగొద్దని, కిడ్నీలకి అవి చేటని ఇంటింటికీ తిరిగి చెప్పేది, ఆ ఒక్క మాటా రాసి ముందుకెళతాను.

పెళ్లి చేసుకోలేదు. సేవ కోసం జీవితం త్యాగం చేసిందని పెద్దకర్మ నాడు ఒకాయన మైకు పట్టుకుని చాలాసేపు చెప్పారు. ఒకసారి నేనే అడిగాను, ఇద్దరం అరసవిల్లి రథసప్తమికి వెళ్లి క్యూలో నిలబడ్డప్పుడు. "మొదట కుదరలేదు. తర్వాత అక్కర్లేకపోయింది. నాకు నా పని ఇష్టం నాయినా, ఇష్టమైన పని చేస్తే త్యాగం ఎలా అవుతుంది" అంది. సినిమాలంటే ప్రాణం, బెల్లం ఆవకాయ అంటే ప్రాణం, మంచి చీరలు కొనుక్కునేది, రిటైరయ్యాక దాచుకున్న డబ్బుతో కాశీ వెళ్లొచ్చింది. తనకి దేనికీ లోటు లేదనే అనుకుంది. ఆవిడని జాలిగా తలుచుకోవడం నాకు ఇష్టం లేదు.

చివరి పన్నెండు రోజులు విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. గుండె బలహీనపడింది, ఒళ్లు నీరు పట్టింది, నరం దొరకడం కష్టమైపోయింది. ఒక రాత్రి నరంలో పెట్టిన సన్న గొట్టం, క్యాన్యులా, ఊడిపోతే కొత్తగా చేరిన నర్సు అమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్లుంటాయేమో. మూడుసార్లు పొడిచింది, దొరకలేదు. నాకు కోపం ఆగలేదు, సీనియర్ ఎవరైనా లేరా అని గట్టిగా అరిచాను. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి 22 మంది పేషెంట్లకి ఇద్దరే నర్సులని తర్వాత తెలిసింది, అంత డబ్బు కట్టించుకునే చోట.

పిన్ని ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి జరిపి నా వైపు చూసింది, "నువ్వు బయటికి వెళ్లు" అంది. వెళ్లలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆ అమ్మాయితో అంది, "కంగారు పడకు తల్లీ. చేతులు కడుక్కున్నావా?" కడుక్కున్నాను మేడమ్ అంది. "ఇంకోసారి కడుక్కో. ఈలోగా నీ ఊపిరి కుదురుకుంటుంది."

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది, మధ్యమధ్యలో ఆయాసానికి ఆగుతూ. వేడి నీళ్లలో గుడ్డ ముంచి చెయ్యికి చుట్టు. చెయ్యి మంచం కిందికి వేలాడనీ. కంటితో వెతకొద్దు, వేలితో వెతుకు, మెత్తగా ఎగిరేది నరం. బొటనవేలితో చర్మం కిందికి లాగి పట్టు, నరం జారదు. ఇప్పుడు ఏటవాలుగా, నెమ్మదిగా. ఆ పిల్ల చెయ్యి వణకడం మానేసింది. క్యాన్యులా వెనక గదిలో రక్తం చుక్క ఎర్రగా కనబడింది.

ప్లాస్టరు వేస్తూ ఆ అమ్మాయి, "మీ చెయ్యి చలవ మేడమ్" అంది.

"నా చెయ్యి మంచం మీద ఉంది కదే" అంది పిన్ని. "గుచ్చింది నువ్వు."