పిల్లల ఎత్తు కొలిచే పర్మిషన్ కోసం నేను పడ్డ పాట్లు

పర్మిషన్ లెటర్ నిన్ననే చేతికొచ్చింది, కోపం ఇంకా చల్లారలేదు.

ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. పాలమూరు నుంచి దసరా పోయాక ముంబై, పుణె పనులకు పోయే కూలీల పిల్లల్లో, వెంట వెళ్లినవాళ్లు, అవ్వ దగ్గర ఉండిపోయినవాళ్లు ఎలా ఎదుగుతున్నారన్నది నా పరిశోధన. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ తెలుగులో సమ్మతి పత్రం అడిగింది, ఇచ్చాను, అయిపోయింది.

అంగన్‌వాడీల్లో కొలవడానికి ఉమ్మడి జిల్లాలో వాటిని చూసే ఒక ఆఫీసుకు వెళ్లాను. సూపర్‌వైజర్ల మీటింగ్ మధ్యలో పిలిచి, కూర్చోమని కూడా అనకుండా, "నువ్వు డాక్టర్‌వా అమ్మా? ఎకనామిక్సోళ్లకు పిల్లల తూకంతోని ఏం పని? పోయి ధరల మీద రాసుకో" అన్నాడు సారు. కొందరు నవ్వారు. సార్, నాలుగు రోజులు జ్వరమొస్తే బరువు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, కానీ వయసుకు తగ్గ ఎత్తు లేదంటే ఏళ్ల తరబడి తిండి, నీళ్లు, రోగాలు, అమ్మ కూలీ అన్నీ అందులో ఉంటాయి అన్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అలాంటి ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం, 2019-21లో 33 శాతం, ఎందుకు పెరిగారో ఊళ్లు తిరిగి ఎవరో ఒకరు చూడొద్దా అని కూడా అడిగాను. గొంతు వణకలేదు, అది గర్వంగానే చెప్తున్నా. పిల్లలు ఎదగట్లేదని తెలిసీ, కొలుస్తామని వచ్చినవాళ్లను నవ్వి పంపించేవాళ్లకు ఆ కుర్చీ ఎందుకు?

వైద్యశాఖ లెటర్ తెమ్మన్నాడు. అక్కడేమో అంగన్‌వాడీలు మావి కావన్నారు. తిరిగొస్తే అసలు నా దరఖాస్తే రాలేదన్నారు! అందుకే చెప్తున్నా, ఏది ఇచ్చినా రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. అది ఉంది కాబట్టే జిరాక్స్ పెట్టి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను, అప్పుడు కదిలింది ఫైలు.

ఇంత తిప్పలో మనిషిలా మాట్లాడింది ఒక అంగన్‌వాడీ టీచరే. ఆమె రిజిస్టర్‌లో ఒక బాబు పేరు పక్కన దీపావళి నుంచి ఉగాది దాకా గడులన్నీ ఖాళీ, వాటి మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా 'పుణె' అని ఉంది. "వచ్చినంక చూస్తే అదే అంగీ సరిపోతుంది మేడం" అంది.

కొలిచేవాళ్లకు ఒక మాట, రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి, దాటినవాళ్లను నిలబెట్టి కొలవండి. అదే పిల్లను నిలబెడితే దాదాపు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ఎత్తు కొలిచే బల్లలు దొరికాయి. కూలీలు బస్సెక్కేలోపు మొదటి కొలత అయిపోవాలి, రేపే బయలుదేరుతున్నా.