హన్మకొండ మిద్దె మీది కిత్తనారలు

సద్దుల బతుకమ్మ వెళ్ళిన తరువాతి ఆదివారం తెల్లవారుజామున కరీంనగర్ బస్టాండులో హన్మకొండ బస్సు ఎక్కేటప్పుడు నా ఒడిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో పాత దినపత్రికల్లో చుట్టిన పదకొండు అగేవ్, అంటే కిత్తనార జాతుల, పిలకలున్నాయి. వేళ్ళకు ఒక్క మట్టిబెడ్డ కూడా లేకుండా దులిపి, మట్టల చివరి ముళ్ళను నెయిల్ కట్టర్‌తో తుంచి వాటిని సిద్ధం చేసుకున్నాను. ముల్లు తుంచితే మొక్క అందం పోతుందని కొందరు ఒప్పుకోరు కానీ, నిండిన బస్సులో పక్కన పసిపిల్ల కూర్చునే అవకాశం ఉన్నప్పుడు అందం సంగతి ఆలోచించకూడదని నా అభిప్రాయం. మట్టి లేకుండా, నీళ్ళు లేకుండా ఈ మొక్క రెండు వారాలైనా తట్టుకుంటుంది. ఎందుకంటే అది మట్టల్లో నీటిని దాచుకుంటుంది, పైగా మిగతా మొక్కల్లా పగలు కాక రాత్రి చల్లబడ్డాకనే ఆకురంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది. మా వంటి ఇంటితోటల వాళ్ళం ఊరి నుంచి ఊరికి మొక్కలు మార్చుకోగలగడానికి ఈ గుణమే ఆధారం.

ఈ ప్రయాణం మార్పిడి కోసమే అయినా, నిజానికి నన్ను కదిలించింది ఆ వానాకాలంలో జరిగిన నష్టం. ఏడేళ్ళ కింద బొటనవేలంత మొలకగా కొన్న విక్టోరియా అగేవ్ ఒకటి నా దగ్గర జానెడు వెడల్పు గుండ్రంగా ఎదిగింది. ముదురాకుపచ్చ మట్టల అంచుల మీద సున్నంతో ముగ్గు గీసినట్టు తెల్లని గీతలుండే ఈ జాతి ఉత్తర మెక్సికో సున్నపురాతి కొండలది. 1875లో థామస్ మూర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి విక్టోరియా రాణి పేరు పెట్టాడు. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టింది. తెరిపి ఇచ్చాక చూస్తే పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది కానీ, నడిమి మట్టను వేళ్ళతో పట్టుకోగానే అది ఏ పట్టూ లేకుండా ఊడి చేతికొచ్చింది. దాని అడుగు భాగం ఉడికిన ఉల్లిగడ్డలా మెత్తగా, పులిసిన వాసనతో ఉంది. దాన్నే మొవ్వు కుళ్ళు అంటాము. కొన్నప్పటి కోకోపీటు, వర్మీ కంపోస్టు మిశ్రమాన్ని మార్చకుండా ఉంచడం, కుండీ కింద నీళ్ళు నిలిచే ప్లేటు తీయకపోవడం నా తప్పులు. ఆ వారంలో మొత్తం ఆరు మొక్కలు పోయాయి.

హుజూరాబాద్, ఎల్కతుర్తి దాటుతుంటే రోడ్డుకు ఇరువైపులా పత్తి చేలలో తొలి కాయలు పగులుతున్నాయి. హసన్‌పర్తి ఇంకా రాకముందే ఒక చెలక కంచెలో ఇరవై అడుగుల పూల కాడ ఆకాశంలోకి లేచి కనిపించింది. బస్సు ఆగలేదు కానీ, ఆ చోటిని గుర్తు పెట్టుకున్నాను.

మేము కలుసుకునే ఇల్లు రిటైరైన ఒక వృక్షశాస్త్ర లెక్చరర్ సారుది. ఆయన మిద్దె మీద దాదాపు రెండు వందల కుండీలున్నాయి, అన్నీ అగేవ్‌లే. జనగామ నుంచి ఒక రైతు అన్న, నర్సంపేట నుంచి ఒక టీచరమ్మ, కాజీపేట నుంచి రైల్వేలో పనిచేసే ఒక తమ్ముడు అప్పటికే వచ్చి ఉన్నారు. నా విక్టోరియా సంగతి చెప్పగానే సారు, "ఎండకు సావదు బిడ్డా ఇది, నీళ్ళకు సస్తది. మనం నీళ్ళు పోసుడు చూస్తం, నీళ్ళు పోవుడు చూడం" అన్నారు.

తరువాత ఒక ఖాళీ కుండీ తెచ్చి తన మిశ్రమం కలిపి చూపించారు. రెండు పాళ్ళ ఎర్ర మొరం, రెండు పాళ్ళ బేబీ చిప్స్ (సన్నని కంకర రాళ్ళు), ఒక పాలు దొడ్డు ఇసుక, దోసెడు నలగ్గొట్టిన బొగ్గు, గుప్పెడు మాగిన పశువుల ఎరువు, అంతే. గ్రానైటు క్వారీలున్న మన జిల్లాల్లో చిప్స్‌కు కొదవ లేదు. వాటిని జల్లించి, దుమ్ము పోయేదాకా కడగడమే కష్టమైన పని. కడగకపోతే ఆ దుమ్మే అడుగున సిమెంటులా పట్టి రంధ్రాలను మూసేస్తుంది. ఆయన చెంబెడు నీళ్ళు పోసి, అవి కింది నుంచి ఎంతసేపటికి బయటికి వస్తాయో వేళ్ళతో లెక్కపెట్టారు. లెక్క నాలుగు దాటలేదు. నా ఇంట్లో కుండీల్లోనైతే ఆ నీళ్ళు బయటికి రావడానికి నిమిషం పైనే పట్టేది. కుండీ మట్టిలో నీళ్ళు నిలవకుండా కలిపే, దూరదేశం నుంచి వచ్చే పర్లైటు, ప్యూమిస్ రాయి కోసం వందల రూపాయలు పెట్టిన నాకు, మొరం కుప్ప ముందు నిలబడి ఆ లెక్క వింటుంటే కొంత బాధ, అంతకంటే ఎక్కువ ధైర్యం కలిగాయి.

మిద్దెకు తూర్పున పోటటోరం, టైటనోటా జాతులుంటే, మే నెల ఎండకు మట్టలు మాడిపోయే ముళ్ళు లేని అట్టెన్యువాటా మొక్కలను ఆయన నీటి ట్యాంకు నీడకు చేర్చారు. ఒక టైటనోటాను చేతిలోకి తీసుకుని మట్ట వీపును వెలుగుకు తిప్పినప్పుడు, అక్కడ రంపపు పళ్ళ నీడలాంటి అచ్చు స్పష్టంగా కనిపించింది. మొవ్వులో మట్టలు ఒకదాన్నొకటి హత్తుకొని ఉన్నప్పుడు పక్క మట్ట అంచు ముళ్ళు లేత చర్మం మీద నొక్కుకొని ఆ ముద్ర పడుతుంది. మట్ట విచ్చుకొని దూరం జరిగినా ఆ ముద్ర చెరిగిపోదు. ముళ్ళు వంకర తిరిగిన మొక్కకు ముద్రలు కూడా వంకరగానే ఉంటాయి. నాకు పూల కంటే ఈ అచ్చులంటేనే ఎక్కువ ఇష్టం, వాటిని చూస్తూ అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మార్పిడి మొదలైంది. మా పద్ధతిలో డబ్బు చేతులు మారదు కానీ, చీటీ లేని మొక్కను ఎవరూ తీసుకోరు. జాతి పేరు, తల్లిమొక్క ఎవరి దగ్గరిది, పిలకను ఏ నెలలో వేరు చేశారు అన్న మూడు సంగతులు చీటీ మీద ఉండాలి. టీచరమ్మ వెరిగేటెడ్ (చారల) అగేవ్ అని చెప్పి ఒక నర్సరీలో తనకు అమ్మిన మొక్కను ఎంతో సంతోషంగా బయటికి తీశారు. సారు దాని మట్ట చివర వేలు పెట్టి, "ముల్లు గుచ్చుకుంటలేదు చూడమ్మా" అన్నారు. తరువాత మట్ట కొసను కొంచెం విరిచి వాసన చూపించారు. ఆ ఘాటును బట్టి అది ఫర్క్రేయా అని తేలింది. రెండూ చుట్టాలే కానీ, అగేవ్ పూలు పైకి చూస్తే ఫర్క్రేయా పూలు కిందికి వేలాడతాయి. ఆమె ముఖం చిన్నబోవడం చూసి నాకు మనసు చివుక్కుమంది. ఆమె తప్పు ఏమీ లేదు. తప్పు పేరుతో అమ్మిన మొక్క నలుగురి చేతులు మారితే, ఆ తప్పు నాలుగు మిద్దెల మీద పాతుకుంటుంది. చారల మొక్కల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. తల్లికి తెల్లని చార ఉన్నా పిలక పూర్తి పచ్చగా పుట్టవచ్చు, అటువంటిదాన్ని పచ్చదనే చెప్పి ఇవ్వాలి. విక్టోరియా వంటి జాతులనైతే విత్తనం నుంచి పెంచినవేనా అని అడిగి మరీ తీసుకోవాలి. దాని పుట్టినచోట కొండల నుంచి తవ్వుకుపోవడం వల్లనే అంతర్జాతీయ వ్యాపారం మీద, అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కింద నియంత్రణ వచ్చింది.

నా పెట్టె ఖాళీ అవుతున్నప్పుడు సారు లోపలికి వెళ్ళి ఒక కుండీ తెచ్చారు. నడుమ తెల్లని పట్టీ, అంచులకు పచ్చదనం ఉన్న మీడియోపిక్టా ఆల్బా అనే అగేవ్ రకం అది. కుండీలోని చీటీ మీద నా చేతిరాత ఉంది. నాలుగేళ్ళ కింద నేను ఆయనకిచ్చిన పిలక ఇప్పుడు మూరెడు మొక్కై, చుట్టూ అయిదు పిలకలు పెట్టింది. దాని తల్లి ఆగస్టు ముసురులో నా ఇంట్లో కుళ్ళిపోయిన ఆరింటిలో ఒకటి. ఆయనే చురకత్తిని స్పిరిటుతో తుడిచి, మట్టిని వేళ్ళతో తోసి, తల్లికీ పిలకకూ నడుమ ఉన్న తెల్లని తీగను ఒక్క కోతతో వేరు చేసి రెండు పిలకలు నా చేతిలో పెట్టారు. విక్టోరియా సాధారణంగా ఒంటిగా ఎదిగే జాతి, నాదీ పిలకలు పెట్టలేదు, కనుక అది పోవడంతోనే పోయింది. ఇది మాత్రం ఇచ్చి ఉండడం వల్ల మిగిలింది.

తిరుగు ప్రయాణంలో కాజీపేట తమ్ముడు నన్ను తన స్కూటరు మీద హసన్‌పర్తి అవతలి చెలక దాకా తీసుకువెళ్ళాడు. కంచెలో ఉన్నది సిసల్ కిత్తనార. మెక్సికోలో యుకటాన్ తీరాన ఉన్న సిసల్ అనే రేవు నుంచి దాని నార ఓడలకెక్కడం వల్ల ఆ పేరు వచ్చింది. మా తాత ఈ మట్టలను నానబెట్టి, దంచి, నార తీసి ఎడ్లకు పలుపులు పేనేవాడు. మట్టల రసం తగిలి ఆయన మోచేతుల దాకా దద్దుర్లు లేవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. చెలక రైతు అనుమతి తీసుకుని దగ్గరికి వెళ్ళి చూస్తే కింది మట్టలు అప్పటికే ఎండి ముడుచుకుపోయాయి. ఈ మొక్క జీవితంలో ఒకేసారి పూస్తుంది, తన బలమంతా ఆ కాడకే పెట్టి చనిపోతుంది. సిసల్‌కు విత్తనం కట్టడం చాలా అరుదు. దానికి బదులు పూలు రాలిన కొమ్మల మీదనే రెండు మూడు ఆకులతో వందల కొద్దీ చిన్న మొక్కలు పుడతాయి. తమ్ముడు వెదురుకర్రతో కొమ్మను మెల్లగా కదిలించగానే అవి నా చీర కొంగులోకి జలజలా రాలాయి. ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంది, కొన్నింటికి అప్పుడే వేరు మొన కూడా తేలింది. ఇరవై ఏరుకుని మిగతావాటిని కంచె పొడవునా చల్లి వచ్చాము, రైతు కూడా అదే కోరాడు.

ఇంటికి చేరాక పిలకలను నీళ్ళు తగలకుండా మెట్ల కింద పేపరు మీద పరిచాను. ఆరో రోజుకు కోసిన చోట గాయం ఎండి రూపాయి బిళ్ళలా గట్టిపడింది. ఈలోగా ఊరి బయట రోడ్డు పని దగ్గర అడిగి రెండు బకెట్ల మొరం తెచ్చి జల్లించాను, చిప్స్‌ను అయిదుసార్లు కడిగాను. ఏడో రోజు వాటిని నాటి, పాత చీటీలోని మాటలను కొత్త చీటీల మీదికి ఎక్కించి, కింద హన్మకొండ అని చేర్చాను. ఇంకో వారం దాకా వాటికి నీళ్ళు పోయను.