లంఖణం తర్వాతి తొలి ముద్ద

మా పెద్దమ్మది గౌతమీ పాయ ఒడ్డున ఒక లంక గ్రామం. అన్నవాహిక సన్నబడి ముద్ద దిగక, పన్నెండు రోజులు నాలుగు గుక్కల మజ్జిగతేట, కొబ్బరినీళ్లతోనే గడిపింది. చికిత్స జరిగి మింగుడు పడగానే మేము చేసిన పని ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. నీరసం తగ్గాలని ఊళ్లోనే గ్లూకోజు బాటిల్ ఎక్కించి, ఆ సాయంత్రమే బెల్లం పాలతాలికలు కడుపునిండా తినిపించాము. మూడో రోజు ఉదయానికి మట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి, పాదం మీద నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది, పడుకుంటే ఊపిరి అందలేదు.

కాకినాడలో రక్తపరీక్ష చేస్తే, డెసిలీటరుకు (వంద మిల్లీలీటర్లకు) కనీసం 2.5 మిల్లీగ్రాములు ఉండవలసిన ఫాస్ఫేటు అనే లవణం ఒకటికి పడిపోయింది. దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని వైద్యురాలు చెప్పారు.

పస్తులలో కాలేయంలోని చక్కెర నిల్వ సుమారు ఒక రోజులో అయిపోయి, శరీరం కొవ్వును, కండను కరిగించుకుని బతుకుతుంది. ఆ రోజులలో కణాలలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం తరిగిపోతున్నా రక్తంలో మాత్రం మామూలుగానే కనిపించవచ్చు, అందువల్లనే మనం మోసపోతాము. పిండిపదార్థమో చక్కెరో ఒక్కసారిగా అందగానే ఇన్సులిన్ ఉప్పెనలా లేచి, రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాలను కణాలలోకి లాగేస్తుంది, దానితో గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు సడలుతాయి, ఒంట్లో నీరు నిలుస్తుంది. చక్కెరను వాడుకోవడానికి కావలసిన థయమిన్ (బి1 విటమిన్) కూడా అప్పటికే అడుగంటి ఉంటే మెదడుకు ముప్పు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక విడుదలైన ఖైదీలలో కొందరు తిండి దొరికిన తర్వాతే మరణించారు.

పది రోజులకు మించి దాదాపు ఏమీ తినని వారికి కిలో బరువుకు రోజుకు 10 కిలోకాలరీలకు మించకుండా మొదలుపెట్టాలని, థయమిన్ ముందే ఇవ్వాలని వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్ నైస్ సంస్థ 2006లో సూచించింది. నలభై కిలోల పెద్దమ్మకు అది 400 కిలోకాలరీలు, అంటే వంద గ్రాముల పైచిలుకు బియ్యం, అదీ రోజంతటికీ కలిపి.

జ్వరంతో లంఖణాలు చేసినవారికి మా అమ్మమ్మ పలుచటి జావతో పథ్యం మొదలుపెట్టేది. ఆ నిదానం సరైనదే. అయితే జావ కూడా పిండిపదార్థమే, తరిగిన లవణాలను అది పూడ్చలేదు, కనుక ఇన్ని రోజుల పస్తు తర్వాత రక్తపరీక్ష తప్పనిసరి.

ఆసుపత్రి నుంచి వచ్చాక పెద్దమ్మకు రెండు గంటలకొకసారి గిద్దెడు పాలు కొలిచి ఇచ్చాము. “ఇంకొంచెం పొయ్యవే అమ్మాయ్” అని ఆమె అడుగుతుంటే ఆ గ్లాసు అక్కడే ఆపడం నాకు చాలా కష్టమైంది.