ఎల్లిగడ్డలు ఒలుచుకుంటూ చెప్పిన మాటలు

నాది పెళ్ళి వీడియోల పని. హనుమకొండలో చిన్న స్టూడియో, రెండు కెమెరాలు, ఒక డ్రోన్. ముహూర్తాలున్న నెలల్లో నిద్ర ఉండదు, ఆషాఢంలో పని ఉండదు. పని లేని రోజుల్లో నేను వేరే వీడియోలు తీస్తుంటాను. వాటి గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మొన్న ఒక పెళ్ళివారు "అన్నా, మీరు చావు ఇళ్ళల్లో కూడా తీస్తారంట కదా" అని భయంభయంగా అడిగారు. బుకింగ్ క్యాన్సిల్ చేసుకుంటారేమోనని నాకూ టెన్షన్ పట్టుకుంది. అందుకే రాస్తున్నా. నేను వెళ్ళేవి మనిషి ఇంకా మంచం మీద ఉన్న ఇళ్ళు. తీసేది కూడా ఆ మనిషిని కాదు, పక్కన ఉండి చేసేవాళ్ళని.

2019లో మా బాపుకి నాలుక క్యాన్సర్ వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏళ్ళు హమాలీగా చేశాడు. మిర్చి ఘాటుకి నోట్లో ఏదో ఒకటి ఉండాలని దవడ పక్కన తంబాకు పెట్టుకునేవాడు. రేడియేషన్ అయిన మూడో నెలలో ఆస్పత్రిలో డాక్టర్ ఫైల్ మూసేసి, "ఇక ఇంటికి తీసుకెళ్ళండి, మంచిగా చూసుకోండి" అన్నాడు. ఆస్పత్రి పేరు రాయను. మంచిగా చూసుకోవడం అంటే ఏమేం చేయాలో మాత్రం చెప్పలేదు. డిశ్చార్జి కాగితం మీద బలం గోళీలు రాసి ఉన్నాయి, అంతే.

హాస్పిస్, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ బాధ తగ్గించి చూసుకునే చోటు, అనే మాట నాకప్పుడు తెలియదు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్ నుంచి ఇప్పటి హాస్పిస్‌లు వచ్చాయని, మన దేశంలో మొదటిది 1986లో ముంబైలో పెట్టిన శాంతి అవేద్న సదన్ అని తర్వాత చదువుకున్నా. మా ఇంట్లో హాస్పిస్ అంటే ముందుగదిలో టీవీ స్టాండు తీసేసి వేసిన మంచం.

నొప్పికి మార్ఫిన్ కావాలని తెలిసి మెడికల్ షాపులన్నీ తిరిగాను. ఎక్కడా లేదు. ఒకాయనైతే నన్ను దొంగని చూసినట్టు చూశాడు. మార్ఫిన్ కూడా 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికే వస్తుంది, అదంటే వాళ్ళకి భయం. 2014లో ఆ చట్టాన్ని సవరించి మార్ఫిన్ తెచ్చి ఇవ్వడం తేలిక చేశారు, కానీ ఆ తేలిక మా వీధి దాకా రాలేదు. చివరికి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) ఓపీలో దొరికింది. నాలుగు గంటలకోసారి వేయాలి, విరేచనం ఆగిపోకుండా దాంతోపాటు ఇంకో మందు తప్పకుండా వేయాలి అని ఓపిగ్గా చెప్పి పంపారు. ఆ రాత్రి బాపు చాలా రోజుల తర్వాత నిద్రపోయాడు. అమ్మ, చెల్లె, నేను ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ తెల్లారేదాకా కూర్చున్నాం.

నొప్పి తగ్గాక తిండి గొడవ మొదలైంది. బాపు తినడం మానేశాడు. చూడడానికి వచ్చిన ప్రతి చుట్టం వంటింట్లోకి తొంగిచూసి "ఏమన్న పెడుతున్నరా లేదా" అనేవాళ్ళు. మా పెద్దత్తయితే అమ్మ ముందే "ఉపాసం పండబెట్టిన్రు నా తమ్ముణ్ణి" అంది. అమ్మ గంజి కాచి తెచ్చింది. నేను బాపు తల ఎత్తి పట్టుకుని చెంచాతో పోశాను. మింగలేకపోయాడు. దగ్గు, ముఖం ఎర్రబడడం, కళ్ళల్లో నీళ్ళు. అయినా పోశాను. ఆరు చెంచాలు. లెక్క ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు ప్రభుత్వ పాలియేటివ్ కేర్ టీమ్ సిస్టర్ ఇంటికి వచ్చింది. ఇప్పుడు దీన్ని 'ఆలన' అంటున్నారు, చాలామందికి ఇంకా తెలియదు, జిల్లా ఆస్పత్రిలో అడగండి. ఆమె గంజి గిన్నె చూసింది, బాపుని చూసింది, నన్నేమీ అనలేదు. మెత్తటి నూలు గుడ్డ అడిగి, వేలికి చుట్టుకుని, నీళ్ళల్లో ముంచి పిండి, పెదవుల లోపల, చిగుళ్ళ మీద మెల్లగా తుడిచింది. బాపు ఆ గుడ్డని చప్పరించాడు. "ఈ టైంల ఒళ్ళు తిండి తీసుకోదు బిడ్డా. బలవంతంగ పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతది. ఆకలి బాధ ఉండదు గని నోరు ఎండుతది, గది తడుపుతుండు" అంది. పెదవులకి కొంచెం వాసెలిన్ రాసింది. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ మూడు నిమిషాలు ఒక్కరోజు ముందు ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది. పదో రోజున బాపు పోయాడు.

వీడియోల ఆలోచన వెంటనే రాలేదు. అమెరికాలో, మిస్సోరిలో చదువుకుంటున్న మా బావమరిది ఒక లింకు పంపాడు. డేవిడ్ ఆలివర్ అని అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసర్. 2011లో తనకి నయంకాని క్యాన్సర్ అని తెలిశాక, తోటివాళ్ళకి వీడియో తీసి ఆ మాట చెప్పాడు. తర్వాత యూట్యూబ్‌లో ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. భార్య డెబ్రా పార్కర్ ఆలివర్ పరిశోధన చేసేదే హాస్పిస్ రోగుల ఇంటివాళ్ళ గురించి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడతారు. ఆయన 2015లో పోయాడు. నాకు సగం ఇంగ్లిషే అర్థమైంది. వీడియోగ్రాఫర్‌గా చూస్తే అందులో ఏమీ లేదు, కుర్చీలో మనుషులు. అయినా ఫార్వర్డ్ చేయకుండా చివరిదాకా చూశాను.

ఆ సిస్టర్ ఫోన్ నంబర్ నా దగ్గరే ఉంది. ఇంట్లో చూసుకునేవాళ్ళకి పనికొచ్చే వీడియోలు తీయనా అని అడిగితే "మంచిదే, గని మీ పెళ్ళి వీడియో లెక్క చెయ్యకు" అంది. నేను అచ్చం అలాగే చేశాను. మొదటి వీడియోలో గుడ్డతో నోరు తడిపే చేతులు స్లో మోషన్‌లో, వెనక ఫ్లూట్. ఆమె ఒక ఇంట్లో చూపిస్తే కూతురు ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది, గుడ్డ ఎలా చుట్టాలో చూడనే లేదు. ఫ్లూట్ తీసేశాను. స్లో మోషన్ తీసేశాను. సూర్యాస్తమయం షాట్ ఒకటి ఉండేది, అదీ తీసేశాను. (అది బాగా వచ్చింది, ఇంకో పెళ్ళికి వాడాను.)

తర్వాత పరకాల దగ్గర ఒక అక్క. అత్తకి గర్భసంచి క్యాన్సర్, ఐదు నెలలుగా ఒక్కతే చూసుకుంటోంది. లైట్ పెట్టి కూర్చోబెడితే "అందరికీ నమస్కారం" అని మొదలుపెట్టి, అత్తకి సేవ చేయడం తన భాగ్యం అని గడగడా అప్పజెప్పింది. ఒక్క ముక్క పనికిరాదు. లైట్ ఆర్పేశాను. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, "నీ పని నువ్వు చేసుకో అక్కా" అన్నాను. ఎల్లిగడ్డలు ముందేసుకుంది. ఒలుస్తుంటే చేతులకి పని దొరికింది, మాట దానంతటదే వచ్చింది. రాత్రి మూడుసార్లు పక్క మార్చడం, యూరిన్ బ్యాగ్ మంచం కన్నా కిందికి ఉండాలని తెలియక మొదట్లో పక్క మీదే పెట్టడం, ఆడబిడ్డలు ఆదివారం వచ్చి యాపిల్స్ ఇచ్చి పోవడం. అదే గొంతుతో, తల ఎత్తకుండా, "ఒకదినం తెల్లారంగ అనుకున్న తమ్మీ, ఈమె పోతే నేను పండుకుంటనని. ఎవ్వరికి చెప్పలే" అంది. ఇంకో రెండు రెబ్బలు ఒలిచింది. "చెప్పద్దా ఇది? తీసేస్తవా?"

తీసేయనా అని నేనే ఆమెని అడిగాను. ఉంచమంది.

ఆ వీడియోని సిస్టర్ జనగామ దగ్గర ఒకాయనకి చూపించింది. భార్యని చూసుకుంటున్నాడు, ఎవరితోనూ మాట్లాడని మనిషి. పక్క మార్చే భాగం, బ్యాగ్ భాగం మామూలుగా చూశాడట. ఆ ఒక్క మాట దగ్గర "ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడట. మూడుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత మొదటిసారి తన సంగతి తను చెప్పుకున్నాడని సిస్టర్ ఫోన్ చేసింది. పాంప్లెట్‌లో ఆ మాట ఎవరు రాస్తారు? రాసినా ఎవరు నమ్ముతారు? వెల్లుల్లి వాసన తగిలే వంటింట్లోంచి వస్తేనే నమ్మారు.

నేననుకోని ఇంకో ఉపయోగం కూడా కనిపించింది. నోరు తడిపే వీడియో, రెండు నిమిషాల నలభై సెకన్లు, చూసుకునేవాళ్ళ కన్నా చుట్టాలకే ఎక్కువ పోతోంది. ఒక కోడలు దాన్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది, కింద ఏమీ రాయలేదు. "ఉపాసం పెడుతున్నరు" అనే ఫోన్లు ఆగిపోయాయట. మా పెద్దత్తకి మాత్రం ఇప్పటిదాకా పంపలేదు.

తప్పు కూడా చేశాను. ఒకాయన వీడియోని, టీమ్‌వాళ్ళకి మాత్రమే చూపిస్తానని చెప్పి, నా ఫ్రెండ్‌కి పంపాను. వాడు ఇంకో గ్రూప్‌లో వేశాడు. రెండు రోజుల్లో అది వాళ్ళ ఊరికి చేరింది. ఆయన స్టూడియోకి వచ్చి ఒక్క మాట అనకుండా నిలబడ్డాడు. ఆయన ముందే ఫోన్‌లో, కంప్యూటర్‌లో, హార్డ్ డిస్క్‌లో తీసేశాను. ఊళ్ళో వాళ్ళ ఫోన్లలోంచి తీసేయలేను కదా. అప్పటినుంచి ఒప్పుకోలు రెండుసార్లు అడుగుతాను. వీడియో షూట్ చేసేముందు ఒకసారి, దినాలు అయ్యాక ఒకసారి. రెండోసారి వద్దన్నవాళ్ళు ఇప్పటికి నలుగురు. మంచం మీది మనిషి ముఖం అసలు తీయను, వాళ్ళే అడిగి తీయించుకుంటే తప్ప.

పరకాల అక్క అత్త సంక్రాంతి ముందు పోయింది. దినాలయ్యాక నేను అడగకముందే ఆమే ఫోన్ చేసింది. వీడియో ఉండనీ అంది. కాసేపాగి, "తమ్మీ, ఆ దినం నడుమల మా అత్త లోపట్నించి పిలిచింది చూడు, అది ఇండ్ల వినపడ్తలేదేంది?" అంది.

సౌండ్ శుభ్రం చేస్తూ నేనే కోసేశాను. వెనక గోల అనుకున్నా. ఒరిజినల్ ఫైల్ వెతికితే పాత హార్డ్ డిస్క్‌లో, ఒక రిసెప్షన్ ఫోల్డర్ కింద దొరికింది. పదకొండో నిమిషంలో ఉంది. ఫ్యాన్ చప్పుడు, ఎల్లిగడ్డ పొట్టు గలగల, గోడ అవతల నుంచి సన్నగా, "ఓ పిల్లా, ఎవలొచ్చిన్రే?"

నాలుగు సెకన్లు. ఏమీ శుభ్రం చేయకుండా పంపాను.